హైజాక్ అయిన సరుకు ఓడ వెంట యుద్ధనౌక ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సోమాలియా వైపు ఓ సరుకు ఓడను సముద్రపు దొంగలు పట్టుకున్నారని వార్త వస్తుంది. మర్నాడు ఇంకో వార్త: యుద్ధనౌక ఒకటి ఆ ఓడ వెంటే ఉంది, పరిస్థితిని గమనిస్తోంది. అది విన్నవాళ్లకు కడుపు రగిలిపోతుంది. అన్ని తుపాకులు పెట్టుకుని పక్కనే ఉండి చూస్తూ ఊరుకోవడమేమిటని. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎందరో కుర్రాళ్లు మర్చంట్ నేవీలో పనిచేస్తున్నారు కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్లలోనూ వినబడుతుంది. సోమాలియా దొంగల కేసుల్లో నిజంగా జరిగిన వాటిని పట్టుకుని ఇక్కడ జవాబులు రాశాం.

ఓడ హైజాక్ అయిందని నేవీకి ఎలా తెలుస్తుంది?

మూడు దారులున్నాయి. మొదటిది ఓడలోని రహస్య అలారం బటన్, ఎస్‌ఎస్‌ఏఎస్ అంటారు. కనీసం రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో. నొక్కితే ఓడలో ఏ మోతా మోగదు, ఏ దీపమూ వెలగదు. ఓడ పేరు, ఉన్న చోటు కంపెనీకి, ఓడ ఏ దేశం జెండా కింద నడుస్తోందో ఆ దేశ అధికారులకు వెళ్తాయి. రెండోది యూకేఎంటీఓకు, అంటే ఆ ప్రాంతపు ఓడల భద్రత చూసే బ్రిటన్ నేవీ కేంద్రానికి, ఫోన్. ఆ ప్రాంతంలో తిరిగే ఓడలు ముందే తమ ప్రయాణం అక్కడ నమోదు చేసుకుంటాయి, కాబట్టి ఫోన్ రాగానే ఏ ఓడ, ఎంతమంది సిబ్బంది, ఏ సరుకు అన్నది వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. గురుగ్రామ్‌లో మన నేవీ 2018 డిసెంబరులో పెట్టిన సమాచార కేంద్రానికీ, సముద్రపు దొంగతనాల కబుర్లు సేకరించే కౌలాలంపూర్‌లోని ఐఎంబీ కేంద్రానికీ కబురు చేరుతుంది. మూడోది వీహెచ్‌ఎఫ్ రేడియో చానల్ 16 మీద కేక. దగ్గర్లో ఉన్న ఓడలన్నీ వింటాయి. దొంగలూ వింటారు.

తప్పు జరిగేది సాధారణంగా మొదటి దారిలోనే. పరీక్ష కోసం నొక్కిన బటన్లు, పొరపాటున నొక్కినవి ఎక్కువ కావడంతో, అలారం రాగానే కంపెనీవాళ్లు నిజమా కాదా అని ఓడకే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ దొంగ చేతికి చిక్కితే కబురు బయటికి వెళ్లిపోయిందని వాడికి తెలిసిపోతుంది. అందుకే కెప్టెన్‌కూ కంపెనీకీ మధ్య మామూలు మాటలా వినిపించే ఓ గుర్తుమాట ముందే అనుకుని ఉండాలి.

దొంగలు ఓడెక్కేలోపే నేవీ ఎందుకు రాలేదు?

లెక్క చూడండి. బరువుతో ఉన్న సరుకు ఓడ 13 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) పోతుంది. దొంగల చిన్న బోటు, స్కిఫ్ అంటారు, 25 నాట్లు. తేడా 12. నాలుగు నాటికల్ మైళ్ల వెనక కనబడిన బోటు 20 నిమిషాల్లో ఓడను అందుకుంటుంది. యుద్ధనౌక 200 నాటికల్ మైళ్ల దూరంలో ఉంటే, 25 నాట్ల వేగంతో రావడానికి 8 గంటలు. హెలికాప్టర్ అయినా రెండు గంటల మాట. ఏడెన్ సింధుశాఖలో ఓడలు ఒకే దారిలో వరుసగా పోతాయి కాబట్టి కాపలా కొంత సులువు. సోమాలియాకు తూర్పున ఉన్నది బయలు సముద్రం. అక్కడ ఆ 20 నిమిషాలు ఓడ తనను తాను కాపాడుకోవాలి: ముళ్లతీగ, నీళ్ల గొట్టాలు, వేగం. 18 నాట్లు, అంతకు మించిన వేగంతో పోయే ఓడను దొంగలు ఎక్కగలిగిన దాఖలాలు లేవని ఓడల భద్రతా మార్గదర్శకాలే చెప్తాయి. బొగ్గు, ధాన్యం లాంటి సరుకును విడిగా నింపుకుని పోయే బల్క్ క్యారియర్‌కు ఆ వేగం రాదు. కింద చెప్పబోయే రూయెన్, అబ్దుల్లా, లీలా నార్ఫోక్ ఓడలు మూడూ బల్క్ క్యారియర్లే.

"వెంట ఉండి గమనిస్తున్నాం" అంటే అసలు చేసే పని ఏమిటి?

తలలు లెక్కపెట్టడం. అది మొదటి పని, చివరి పని కూడా.

పీ-8ఐ లాంటి నేవీ గస్తీ విమానం ముందు చేరుతుంది. స్థావరం నుంచి 1,200 నాటికల్ మైళ్లు వెళ్లి, అక్కడ నాలుగు గంటలు తిరగగలదు. ఓడ అదేనా, పేరు మార్చారా, ఎటు పోతోంది, ఎంత వేగం, పక్కన మదర్‌షిప్, అంటే దొంగలు చిన్న బోట్లను మోసుకెళ్లే పెద్ద ఓడ, ఉందా అన్నవి చూస్తుంది. ఆ తర్వాత వచ్చే యుద్ధనౌక రాత్రీ పగలూ పుస్తకంలో రాస్తూ పోతుంది. బ్రిడ్జి రెక్కల మీద ఎంతమంది, వాళ్లలో ఆయుధం ఉన్నవాళ్లెవరు, బాయిలర్ సూట్ వేసుకున్న ఓడ సిబ్బంది ఎవరు. వంట గది వైపు ఎవరు వెళ్తున్నారు. పొగగొట్టంలో పొగ పలచగా వస్తోందా దట్టంగా వస్తోందా. మెయిన్ ఇంజిన్ నడుస్తోందా, జనరేటర్ ఒక్కటేనా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. డెక్కు మీద స్కిఫ్‌లు ఎన్ని, నిచ్చెనలు ఎన్ని. ఓడ లంగరు వేశాక తీరం నుంచి వచ్చే పడవలు ఎన్నిసార్లు వచ్చాయి, ఏం తెచ్చాయి. మత్తు కోసం నమిలే ఖాట్ ఆకు కట్టలు, బతికున్న మేకలు ఓడెక్కితే దొంగలు చాలా రోజులు ఉండటానికి సిద్ధపడ్డారని అర్థం.

2008 సెప్టెంబరు 25న 33 టీ-72 ట్యాంకులతో కెన్యాలోని మొంబాసా వెళ్తున్న ఫైనా అనే ఓడను దొంగలు పట్టుకుని సోమాలియా తీరంలోని హోబ్యో దగ్గర లంగరు వేయించారు. అమెరికా నౌక యూఎస్‌ఎస్ హోవర్డ్ వెంట నిలిచింది. ఆ ట్యాంకులు ఒడ్డుకు దిగకుండా చూడటం అక్కడ అసలు పని. నవంబరులో అమెరికా నేవీ అడిగింది: సిబ్బంది బతికే ఉన్నారని చూపించండి. దొంగలు వాళ్లందరినీ డెక్కు మీద వరుసగా నిలబెట్టారు. దూరం నుంచి తీసిన ఆ ఫొటోలో మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు, కానీ లెక్క తేలింది. ఇంట్లోవాళ్లకు ఆ లెక్కే చాలా పెద్ద మాట.

ఎంత దూరంలో ఉంటుంది?

దొంగల దగ్గర ఉండేవి ఏకే రకం తుపాకులు, భుజాన పెట్టి పేల్చే రాకెట్లు, అంటే ఆర్‌పీజీలు. ఆర్‌పీజీ గుండు 900 మీటర్ల దరిదాపుల్లో తనంతట తానే పేలిపోతుంది. కాబట్టి మామూలుగా ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, అంతకు మించిన దూరం పాటిస్తారు. అవసరాన్నిబట్టి కంటికి కనిపించకుండా రాడార్ మీదే వెంటాడటమూ ఉంది. దగ్గరికి వెళ్తే ఒత్తిడి పెరుగుతుంది, దూరం జరిగితే దొంగలకు ధైర్యం వస్తుంది. ఈ తూకం తప్పితే ప్రాణాలు పోతాయి. 2011 ఫిబ్రవరిలో క్వెస్ట్ అనే అమెరికా పడవను నాలుగు యుద్ధనౌకలు వెంటాడుతుండగా, మాటలు సాగుతూ ఉండగానే దొంగలు యూఎస్‌ఎస్ స్టెరెట్ వైపు ఆర్‌పీజీ పేల్చి, లోపల నలుగురు బందీలనూ చంపేశారు. కమాండోలు ఎక్కేసరికే ఆలస్యమైంది.

అంత దగ్గరగా ఉండి ఎందుకు దాడి చేయదు?

సిబ్బంది ఎక్కడున్నారు అన్నదాని మీదే నిర్ణయమంతా ఆధారపడి ఉంటుంది. సిబ్బంది మొత్తం గట్టి గదిలో తలుపు వేసుకుని ఉంటే కమాండోలు ఎక్కొచ్చు. ఒక్కడు బయట దొంగల చేతిలో ఉన్నా లెక్క మారిపోతుంది.

2011 జనవరిలో సామ్హో జ్యువెలరీ అనే ఓడను దక్షిణ కొరియా నేవీ విడిపించింది. మొదటిసారి 18న ప్రయత్నించినప్పుడు ముగ్గురు కమాండోలు గాయపడి వెనక్కి వచ్చారు. 21న మళ్లీ వెళ్లి 8 మంది దొంగలను చంపి, 5 మందిని పట్టుకుని 21 మందిని కాపాడారు. అప్పటికీ కెప్టెన్ కడుపులో తూటాలు దిగాయి. ఆయన బతికారు. కొరియాలో అది గొప్ప విజయం, నిజమే. కానీ బందీలు చేతుల్లో ఉన్న ఓడ మీదికి ఎక్కడం ఎంత అంచు మీద జరిగే పనో ఆ తూటాలు చెప్తాయి.

ఇంకో ప్రమాదం, ఎవరు ఎవరో తెలియకపోవడం. 2008 నవంబరు 18న ఐఎన్‌ఎస్ తబర్ తన మీద కాల్పులు జరిపిన ఓ మదర్‌షిప్‌ను ఆత్మరక్షణలో ముంచింది. అది దొంగలు పట్టుకున్న థాయ్ చేపల ఓడ అని, లోపల సిబ్బంది ఉన్నారని తర్వాత ఐఎంబీ తెలిపింది. ప్రాణాలతో దొరికింది ఒక్కరు, అదీ ఆరు రోజులు నీళ్లలో తేలాక. దొంగల చేతిలో ఉన్న ఓడ దొంగల ఓడలాగే కనిపిస్తుంది. గంటల తరబడి, రోజుల తరబడి గమనించడానికి ఇంతకంటే బలమైన కారణం మాకు తెలియదు.

సిటడెల్ అంటే ఏమిటి? అందులో దాక్కుంటే చాలా?

సిటడెల్ అంటే దొంగలు ఎక్కాక సిబ్బంది అంతా చేరి తాళం వేసుకునే గట్టి గది. సాధారణంగా స్టీరింగ్ గేర్ గదో, ఇంజిన్ రూమ్‌లో ఓ భాగమో. దాక్కోవడం ఒక్కటే చాలదు. నేవీ ఎక్కే ముందు మూడు అడుగుతుంది. ఒకటి, నూటికి నూరుమంది లోపలే ఉన్నారా. రెండు, బయటితో రెండువైపులా మాట్లాడే సాధనం పనిచేస్తోందా, అది ఓడ కరెంటు మీద ఆధారపడకుండా ఉందా. మూడు, ఇంజిన్ దొంగల చేతికి అందకుండా ఆపారా. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కమాండోలను పంపడానికి కమాండర్ మామూలుగా ఒప్పుకోడు.

ఎక్కువగా చెడేది రెండోదే. ఇనుప గదిలో శాటిలైట్ ఫోన్‌కు సిగ్నల్ అందదు. బయటికి యాంటెన్నా వైరు లాగాలి. ఆ వైరు కనబడేలా ఉంటే దొంగలు తెంపేస్తారు. కాబట్టి పైపుల మధ్య, రంగు వేసి, మామూలు వైరులా కలిసిపోయేలా లాగుతారు. చార్జర్, అదనపు బ్యాటరీ లోపలే ఉండాలి. యూకేఎంటీఓ, కంపెనీ నంబర్లు గోడ మీద రాసి ఉండాలి. చీకట్లో, చెమటల్లో ఎవరికీ నంబర్లు గుర్తుకు రావు.

నీళ్ల లెక్క: 20 మంది, మనిషికి రోజుకు 4 లీటర్లు, 3 రోజులు. 240 లీటర్లు. ఇంజిన్ ఆగాక ఫ్యాన్లు ఆగుతాయి, గది కాగిపోతుంది, కాబట్టి నాలుగు లీటర్లు ఎక్కువేం కాదు. ఎండు తిండి, మూతలున్న బకెట్లు, టార్చిలు, మందుల పెట్టె, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు. గాలి ఎటు నుంచి వస్తోందో ముందే చూసుకోవాలి, దొంగలు పైనుంచి ఆ దారి మూసేయగలరు. ఇంజిన్ రూమ్‌ను సిటడెల్‌గా పెట్టుకుంటే ఇంకో ముప్పు ఉంది: మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ వ్యవస్థ. దాని మీట బయట ఎవరో లాగితే లోపల ఉన్నవాళ్లు ఊపిరాడక చనిపోతారు. ఆ మీట గది ఎవరి చేతికీ అందకుండా చూసుకున్నాకే ఆ చోటు ఎంచుకోవాలి.

2024 జనవరి 4న లీలా నార్ఫోక్ ఎక్కిన ఆయుధధారుల కంటే ముందే 21 మంది సిబ్బంది, అందులో 15 మంది మనవాళ్లు, సిటడెల్‌లో చేరారు. మన నేవీ విమానం పైన తిరిగింది, ఐఎన్‌ఎస్ చెన్నై మర్నాడు చేరింది. మన నేవీ కమాండోలు మార్కోస్ ఎక్కి వెతికితే దొంగలు కనబడలేదు, అప్పటికే వదిలి పారిపోయారు. అదే 2011 జనవరిలో బెలుగా నామినేషన్ అనే ఓడ సిబ్బంది సిటడెల్‌లో రెండు రోజులకు పైగా ఎదురుచూశారు. దగ్గర్లో యుద్ధనౌక లేదు. దొంగలు గది బద్దలుకొట్టారు. సిటడెల్ ఓడను కాపాడదు, సమయం మాత్రం కొనిస్తుంది. ఆ సమయంలో ఎవరో ఒకరు రావాలి.

సోమాలియా తీరం చేరాక నేవీ ఎందుకు ఆగిపోతుంది?

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత జలాలు. బయటి సముద్రంలో దొంగల చేతిలో ఉన్న ఓడను ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 105వ అధికరణం చెప్తుంది. 12 మైళ్ల లోపల ఆ హక్కు లేదు. 2008 జూన్‌లో భద్రతా మండలి 1816 తీర్మానంతో సోమాలియా ప్రభుత్వ సమ్మతి మీద లోపలికి వెళ్లే వీలు ఇచ్చింది. ఏటా పొడిగించుకుంటూ వచ్చిన ఆ వీలు 2022 మార్చిలో ముగిసింది. దొంగలకు ఈ గీత మనకంటే బాగా తెలుసు. ఓడ చేతికి రాగానే ముక్కు పడమరకు తిప్పి గరకాద్, ఏల్, హోబ్యో లాంటి సోమాలియా తీరపు ఊళ్ల వైపు పరిగెత్తిస్తారు.

మరి రూయెన్‌ను మూడు నెలల తర్వాత ఎలా విడిపించారు?

మాల్టా జెండా కింద నడిచే రూయెన్‌ను 2023 డిసెంబరు 14న పట్టుకున్నారు. 2017 తర్వాత సోమాలియా దొంగల చేతికి చిక్కిన మొదటి పెద్ద సరుకు ఓడ అదే. ఐఎన్‌ఎస్ కోచి చేరేసరికి సిబ్బంది దొంగల చేతిలో ఉన్నారు, కాబట్టి ఎక్కలేదు. వెంటే నడిచింది, మాట్లాడుతూ పోయింది. డిసెంబరు 18న గాయపడిన ఒక నావికుణ్ని దొంగలు వదిలిపెట్టారు, కోచి ఎక్కించుకుని వైద్యం చేసి ఒమన్‌కు పంపింది. వెంట ఓ యుద్ధనౌక లేకపోతే ఆ మనిషి ఏమయ్యేవాడో.

ఆ తర్వాత ఓడ సోమాలియా జలాల్లోకి వెళ్లిపోయింది. మన నేవీ కన్ను వేసి ఉంచింది. 2024 మార్చి 14న రూయెన్ కదిలి బయటి సముద్రంలోకి వచ్చింది. దొంగలు దాన్నే మదర్‌షిప్‌గా వాడబోయారు. మూడు నెలల కాపలాకు ఫలం దక్కింది అప్పుడే. 15న ఐఎన్‌ఎస్ కోల్‌కతా అడ్డగించింది. పంపిన డ్రోన్‌ను దొంగలు కాల్చి పడేశారు, యుద్ధనౌక మీదా కాల్చారు. కోల్‌కతా రూయెన్ స్టీరింగ్‌ను, దారి చూపే పరికరాలను గురి చూసి పాడుచేసింది. ఓడ నిలిచిపోయింది. ఇంజిన్‌ను పేల్చలేదు, బ్రిడ్జి మీద తూటాల వాన కురిపించలేదు, లోపల 17 మంది ఉన్నారు కాబట్టి. 16న వైమానిక దళపు సీ-17 విమానం సుమారు 10 గంటలు ఎగిరి వచ్చి రెండు రబ్బరు పడవలతో సహా మార్కోస్ కమాండోలను సముద్రంలోకి దించింది. ఐఎన్‌ఎస్ సుభద్ర, డ్రోన్లు, పీ-8ఐ చుట్టూ ఉన్నాయి. 35 మంది దొంగలూ లొంగిపోయారు. 17 మందికీ గాయాల్లేవు. ఇదంతా మన తీరానికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరంలో, 40 గంటల్లో జరిగింది.

అబ్దుల్లా విషయంలో అలా ఎందుకు చేయలేదు?

బంగ్లాదేశ్ ఓడ అబ్దుల్లా 2024 మార్చి 12న చిక్కింది. 23 మంది సిబ్బంది, మొజాంబిక్‌లోని మపుతో నుంచి బొగ్గుతో యూఏఈ వెళ్తోంది. మన విమానం అదే రోజు, యుద్ధనౌక 14న చేరి, సిబ్బంది క్షేమం తెలుసుకుని సోమాలియా జలాల దాకా వెంట నడిచాయి. ఆపైన యూరోపియన్ యూనియన్ వారి అటలాంటా దళం చూసుకుంది. ఓడ కంపెనీ, బంగ్లాదేశ్ ప్రభుత్వం సైనిక దాడి వద్దన్నాయి. జెండా దేశం వద్దన్నాక కమాండోలు ఎక్కరు. సరుకు కూడా ఆలోచించాల్సిందే: బొగ్గు మీథేన్ వదులుతుంది, దానంతటదే వేడెక్కుతుంది, అరలో గాలిని, ఉష్ణోగ్రతను రోజూ కొలుస్తుండాలి. తూటాల నిప్పురవ్వలు అక్కడ పడకూడదు. 32 రోజులకు, ఏప్రిల్ 14న, సొమ్ము చెల్లించాక అందరూ క్షేమంగా వచ్చారు. ఇది ఓటమి అని మేం అనుకోం.

విడుదల సొమ్ము విషయంలో నేవీ పాత్ర ఏమిటి?

బేరం ఆడేది కంపెనీ, బీమా వాళ్లు నియమించిన మధ్యవర్తి. నేవీ బేరంలోకి దిగదు, సొమ్ము మోయదు. చిన్న విమానం నీళ్లు చొరని పెట్టెను పారాచూట్‌తో ఓడ పక్కన జారవిడుస్తుంది, దొంగలు తీసుకుని పంచుకుని దిగిపోతారు. నేవీ దూరం నుంచి చూస్తుంది, ఫొటోలు తీస్తుంది.

ఓడ వదిలేశాక పని అయిపోయినట్టేనా?

ఆ గంటలే ప్రమాదం. ఇంకో ముఠా వచ్చి మళ్లీ పట్టుకోవచ్చు. కమాండోలు ఎక్కి గది గదీ వెతుకుతారు. డాక్టరు అందర్నీ చూస్తాడు. డీజిల్, మంచినీళ్లు అడుగంటి ఉంటాయి. 2009 ఫిబ్రవరిలో ఫైనా విడుదలయ్యాక అమెరికా నేవీయే ఇంధనం, నీళ్లు ఇచ్చి మొంబాసా దాకా పంపింది. సిబ్బందికి ఒక్క మాట: క్యాబిన్లు కడిగేయకండి. తూటా గుళ్లు, సిగరెట్ పీకలు, దొంగలు వదిలిన ఫోన్లు, నిచ్చెనలు, అన్నీ సాక్ష్యాలే. చేతికి గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు, ముందు ఫొటో తీయండి.

పట్టుబడ్డ దొంగల్ని ఏం చేస్తారు?

రూయెన్ దొంగలు 35 మందిని 2024 మార్చి 23న ముంబయి పోలీసులకు అప్పగించారు. 2023 ఫిబ్రవరి నుంచి మనకు సముద్రపు దొంగతనాలపై ప్రత్యేక చట్టం ఉంది. యావజ్జీవం వరకు, ప్రాణం పోతే మరణశిక్ష వరకు పడొచ్చు. అంతకుముందు ఐపీసీతో లాక్కొచ్చేవారు. కానీ అరెస్టుకు వెల ఉంటుంది. 2010లో చిక్కిన అస్ఫాల్ట్ వెంచర్ ఓడను 2011 ఏప్రిల్‌లో సొమ్ము తీసుకుని వదిలిన దొంగలు, భారత్ పట్టుకున్న తమవాళ్లను వదలలేదని ఏడుగురు భారతీయ నావికులను అట్టిపెట్టుకున్నారు. వాళ్లు బయటపడింది 2014 అక్టోబరు చివరికి.

ఫోన్‌లో ఓడల మ్యాప్ చూస్తే మా వాడి ఓడ మాయమైంది. మునిగిపోయిందా?

కాదు. ఆ మ్యాపులు ఏఐఎస్ అనే రేడియో సంకేతం మీద నడుస్తాయి. దొంగలు ఎక్కగానే దాన్ని కట్టేస్తారు. తీరానికి దూరంగా ఉంటే మామూలుగానే గంటల పాటు కనిపించదు. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టకండి.

మా వాడు ఆ ఓడలోనే ఉన్నాడు. ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

ముందు కాగితాలు ఒక చోట చేర్చండి: పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), ఇండోస్ నంబరు (నావికుడికి ఇచ్చే నంబరు), ఉద్యోగ ఒప్పందం నకలు, నావికులను పంపేందుకు ఏజెంటుకు ఉన్న ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు. ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్‌కు ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. కంపెనీతో మాట్లాడేందుకు ఇంట్లో ఒక్కరినే ఎంచుకోండి. పెదనాన్న ఒకటి, బావ ఒకటి చెప్తే అక్కడ గందరగోళమవుతుంది.

దొంగలు ఇంటికి ఫోన్ చేయిస్తారు. కొడుకు ఏడుస్తూ "డబ్బు కట్టమను నాన్నా" అంటాడు. అది మీ మీద ఒత్తిడి పెట్టి, మీ ద్వారా కంపెనీ మీద పెట్టే ఎత్తు. వాడితో ప్రేమగా మాట్లాడండి. ఆరోగ్యం, తిండి, మందుల గురించి అడగండి. డబ్బు గురించి ఏ మాటా ఇవ్వకండి, ఏ అంకె చెప్పకండి. పెట్టేశాక తేదీ, సమయం, నంబరు, విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి కంపెనీకి పంపండి. టీవీవాళ్లు వస్తే ఇంటి ఆస్తులు, పొలాల ప్రస్తావన తేవద్దు. తెలుగు చానల్ కదా ఎవరు చూస్తారనుకోవద్దు, క్లిప్పులు ఎక్కడికైనా వెళ్తాయి.

బందీగా ఉన్నన్నాళ్లు జీతం వస్తుందా?

వస్తుంది. నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఎంఎల్‌సీకి 2018లో చేసిన సవరణ 2020 డిసెంబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నావికుడు దొంగల చేతిలో ఉన్నంత కాలం, ఒప్పందం గడువు తీరిపోయినా, జీతం, ఇంటికి పంపే సొమ్ము నడుస్తూనే ఉండాలి. విడుదలై ఇల్లు చేరేదాకా, లేదా ఖైదులోనే ప్రాణం పోతే ఆ తేదీ దాకా. ఏజెంటు "కాంట్రాక్ట్ అయిపోయింది" అంటే నోటిమాటగా వదిలేయకండి. అదే మాట కాగితం మీద రాసిమ్మని అడిగి, ఆ కాగితాన్ని డీజీ షిప్పింగ్‌కు పంపండి.